ప్రాగ్ పాత పేటల్లో ఒక రోజు: రాజులు ఎక్కిన దారిని మనం దిగుదాం

చెక్ రాజుల పట్టాభిషేకం ఊరేగింపు పౌడర్ టవర్ దగ్గర మొదలై, ఓల్డ్ టౌన్ స్క్వేర్ మీదుగా చార్లెస్ వంతెన దాటి, మాలా స్ట్రానా పేటలోంచి కొండ ఎక్కి కోటలోని కేథడ్రల్‌కి చేరేది. దాన్ని రాజమార్గం అంటారు. ఇప్పటికీ ఎక్కువ టూర్లు అదే దిశలో నడిపిస్తాయి. రాజుగారికైతే గుర్రం ఉండేది. మనకున్నవి కాళ్ళే.

మొదటిసారి నేనూ ఆ దిశలోనే బయల్దేరాను, జూలై ఎండలో, మా అమ్మను వెంటబెట్టుకుని. నెరుదొవా వీధి సగం ఎక్కేసరికి అమ్మ ఒక ఇంటి గడప మీద కూలబడింది. "తిరుమల మెట్లెక్కితే పుణ్యమైనా వస్తుంది, ఇదెందుకురా? పైదాకా బండ్లేమీ వెళ్ళవా?" అంది. వెళ్తాయి. 22 నంబరు ట్రామ్ కొండ పైకే వెళ్తుంది. ఆ సంగతి సాయంత్రం తెలిసింది.

రెండోసారి దారిని తిరగేశాను. తెల్లవారుజామున ఖాళీగా ఉన్నప్పుడు చార్లెస్ వంతెన దాటడం, అవతల ట్రామ్ ఎక్కి కొండ మీద దిగడం, అక్కణ్ణుంచి రోజంతా కిందికి నడుస్తూ రావడం. మొత్తం దాదాపు 6 కిలోమీటర్లు. ఆగుతూ, తింటూ, చూస్తూ నడిస్తే సాయంత్రం నాలుగైదు అవుతుంది. ఈ గైడ్ ఆ దారి గురించే.

బయల్దేరే ముందు

ముందుగా, వారంలో ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా బాగుంటుంది. శనివారాలు, యూదుల పండగ రోజుల్లో యోసెఫొవ్ పేటలోని యూదు మ్యూజియం, దాని ఆధ్వర్యంలో ఉండే సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), పాత శ్మశానం మూసేస్తారు. ఆదివారం పొద్దున కేథడ్రల్‌లో ప్రార్థనలుంటాయి, సందర్శకుల్ని మధ్యాహ్నం నుంచే రానిస్తారు. సోమవారం మన ఆఖరి మజిలీ అయిన టీన్ చర్చి సాధారణంగా తెరవరు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రి ఒకసారి వెబ్‌సైట్లు చూసుకోవడం మంచిది.

నెలల్లో మే, సెప్టెంబర్ నాకు నచ్చాయి. డిసెంబర్‌లో తెల్లారేసరికి ఎనిమిదవుతుంది, సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. అప్పుడు వెళ్తే దారిలో తోటను వదిలేసి, మిగతాదంతా కాస్త కుదించుకోవాలి.

చెప్పుల గురించి గట్టిగానే చెప్పాలి. ఈ పేటలన్నిట్లో వీధులు చిన్న చిన్న చదరపు రాళ్ళు పరిచినవి. వాన పడితే జారతాయి, ఎండలో అరికాళ్ళకు గుచ్చుకుంటాయి. మడమ ఎత్తుగా ఉన్నవీ, అడుగు పల్చగా ఉన్నవీ హోటల్ గదిలోనే వదిలేయండి. చెప్పులంటే గుర్తొచ్చింది: బాటా మన కంపెనీ అనుకుంటూ పెరిగాం కదా. అది 1894లో జ్లీన్ అనే చెక్ ఊళ్ళో టొమాష్ బాత్యా తన తోబుట్టువులతో కలిసి పెట్టిన కంపెనీ. ప్రాగ్‌లోని వెన్సెస్లాస్ స్క్వేర్‌లో 1929 నాటి వాళ్ళ గాజు భవనం ఇప్పటికీ ఉంది. ఆ మాటకొస్తే మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కూడా చెకోస్లొవేకియా సాయంతో మొదలైందే. మనకు అంత కొత్త దేశమేం కాదు.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడ నడిచేది యూరో కాదు, కొరునా. వీధిలో ఎవరైనా దగ్గరికొచ్చి "ఎక్స్ఛేంజ్?" అంటే ఆగకుండా నడవండి. కౌంటర్లో మార్చాల్సి వస్తే, ఇంత ఇస్తే చేతికి ఎంతొస్తుందో ముందే అడగండి. మోసపోయామనిపిస్తే, 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. రసీదు మాత్రం పారేయకండి. ఏటీఎం గానీ కార్డు మెషిన్ గానీ "మీ కరెన్సీలో చూపించమంటారా?" అని అడిగితే వద్దనండి. ఆ రేటు ఎప్పుడూ మనకు నష్టమే.

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్ళు డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల్లో వచ్చేస్తుంటారు. సరిహద్దులో ఆపకపోయినా పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు దగ్గరుండాలి.

తెల్లవారుజామున: చార్లెస్ వంతెన

ఎండాకాలంలో ఆరింటికల్లా ఓల్డ్ టౌన్ వైపు వంతెన టవర్ కింద ఉండండి. తొమ్మిది దాటితే ఈ వంతెన మీద కనబడేది ముందున్నవాళ్ళ వీపులే.

టవర్‌కి ఊరివైపున్న ముఖం చూడండి, నిండా శిల్పాలు. ఇప్పుడు దాని కిందనుంచి దాటి, వంతెన మీద పదడుగులు వేసి వెనక్కి తిరగండి. ఆ వైపు గోడ దాదాపు బోసిగా ఉంటుంది. 1648లో స్వీడన్ సైన్యం కోటనూ, మాలా స్ట్రానానూ పట్టుకుని, ఈ వంతెన మీదుగా ఓల్డ్ టౌన్‌లోకి చొరబడాలని చూసింది. ఊరివాళ్ళు అడ్డుకున్నారు. ఆ పోరులో పోయిన శిల్పాలు మళ్ళీ రాలేదు. ఐరోపాను ముప్ఫై ఏళ్ళు కాల్చిన యుద్ధంలో చివరి పోరాటాల్లో ఇదొకటి. ఆ యుద్ధం మొదలైంది కూడా ఈ ఊళ్ళోనే, ఎదురుగా కనిపిస్తున్న ఆ కొండమీద, ఒక కిటికీ దగ్గర. రెండు మూడు గంటల్లో అక్కడికి వెళ్తాం.

అంతకుముందున్న వంతెన 1342 వరదలో కూలిపోయింది. నాలుగో చార్లెస్ ఈ కొత్తదానికి పునాదిరాయి వేసింది 1357లో. మనవాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటుంది: ముహూర్తం. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. అంకెలు వరసగా రాస్తే 1 3 5 7 9 7 5 3 1. ఎటునుంచి చదివినా ఒకటే. జ్యోతిష్యుల మాట విని రాజు ఆ ఘడియ పెట్టించాడని చెబుతారు. సున్నంలో కోడిగుడ్లు కలిపారన్న కథ కూడా చెబుతారు. రాజ్యం నలుమూలల నుంచి గుడ్లు పంపమంటే, వెల్వరీ అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయేమోనని ఉడకబెట్టి పంపారట. బెల్లం, కరక్కాయ, గుడ్డుసొన వేసి గచ్చు నూరిన దేశం నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి కలపడం సంగతి వింతగా అనిపించదు. ఉడకబెట్టడమే కొత్త.

వంతెన పొడవు అర కిలోమీటరు పైచిలుకు, 30 విగ్రహాలున్నాయి. చాలామటుకు నకళ్ళు, అసలువి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అన్నిటి దగ్గరా ఆగక్కర్లేదు. కోట వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క, తల చుట్టూ అయిదు నక్షత్రాలున్న విగ్రహం దగ్గర మాత్రం ఆగండి. అది నెపొముక్ జాన్ అనే చర్చి గురువుది, 1683లో పెట్టారు, వంతెన మీది విగ్రహాల్లో పాతది. రాణి తనతో చెప్పుకున్న రహస్యం బయటపెట్టలేదని రాజు ఆయన్ని 1393లో నదిలో తోయించాడని కథ. చరిత్రకారులైతే అది చర్చి పదవుల మీద రాజుకూ ఆర్చిబిషప్‌కూ మధ్య నడిచిన తగాదా అంటారు. విగ్రహం కింది కంచు పలకల్లో చేతులు తగిలిన చోట్లు మాత్రమే బంగారంలా మెరుస్తుంటాయి, మిగతాదంతా నల్లగా ఉంటుంది. మన గుళ్ళో నంది వీపు ఎట్లా నున్నబడుతుందో అచ్చం అట్లాగే.

వంతెన దిగాక నేరుగా మోస్టెత్స్కా వీధిలో నడిస్తే అయిదు నిమిషాల్లో మాలోస్ట్రాన్స్కే స్క్వేర్, అక్కడే ట్రామ్ స్టాప్.

ట్రామ్ 22

బోర్డు మీద బీలా హోరా వైపు వెళ్ళే 22 ఎక్కండి. అరగంట టికెట్ చాలు. కాగితం టికెట్ అయితే ఎక్కగానే పసుపు రంగు మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. నేను మొదటిసారి టికెట్ కొని దర్జాగా జేబులో పెట్టుకున్నాను. రెండు స్టాపుల తర్వాత మామూలు బట్టల్లో ఉన్న చెకర్ బ్యాడ్జీ తీసి చూపించాడు. "కొన్నాను కదా" అంటే వినరు, ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే. ఈ టెన్షనంతా ఎందుకనుకుంటే ట్రామ్ లోపలుండే మెషిన్‌కి బ్యాంకు కార్డు ఆనించి కొనుక్కోండి. దానికి ముద్ర అవసరం లేదు.

బీలా హోరా అంటే తెల్లకొండ. 1620 నవంబర్ 8న చెక్ తిరుగుబాటు సైన్యం ఓడిపోయిన చోటు. ట్రామ్ బోర్డు మీద రోజూ కనబడే ఆ పేరు మధ్యాహ్నం మళ్ళీ అవసరపడుతుంది.

పొహొర్జెలెత్స్ స్టాప్‌లో దిగండి. పేరుకు అర్థం కాలిపోయిన చోటని. ఒక్కసారి కాదు, చాలాసార్లు కాలింది.

కొండ మీది పేట: హ్రద్చానీ

స్టాప్ పక్కనే ఇద్దరు మనుషుల పెద్ద విగ్రహం, తలలెత్తి ఆకాశంలోకి చూస్తుంటారు. ఒకరు టైకో బ్రాహే, ఇంకొకరు యోహానెస్ కెప్లర్. డెన్మార్క్ నుంచి 1599లో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ కొలువుకి వచ్చాడు టైకో. టెలిస్కోపు ఇంకా రాని రోజుల్లో వట్టి కంటితో గ్రహాల లెక్కలు కట్టినవాడు. కుర్రతనంలో కత్తిపోరులో ముక్కు కొంత పోతే లోహపు ముక్కు అతికించుకుని తిరిగాడు. మరుసటి ఏడు కెప్లర్ వచ్చి చేరాడు. టైకో రాసిపెట్టిన అంగారకుడి లెక్కల మీద కూర్చునే, గ్రహాలు తిరిగేది దీర్ఘవృత్తంలో అని తేల్చి 1609లో అచ్చువేశాడు. టైకోను గుర్తుపెట్టుకోండి. ఈ నడక ఆయన దగ్గర మొదలై ఆయన దగ్గరే ముగుస్తుంది.

అక్కణ్ణుంచి స్ట్రాహొవ్ మఠం అయిదు నిమిషాల దూరం. 1143లో మొదలైన మఠం. లోపలి లైబ్రరీ హాళ్ళను గుమ్మం దగ్గర నిలబడి చూడాల్సిందే, లోపల తిరగనివ్వరు. అందుకే ఆ టికెట్ విలువ చేస్తుందా అంటే పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకు చేస్తుందంటాను. మఠం కింది చెట్ల అంచున ఉండే నడకదారి మాత్రం వదలొద్దు. ఊరంతా ఎర్రపెంకుల కప్పులతో కాళ్ళ కింద పరిచినట్టుంటుంది. మీరు దిగబోయే దారి మొత్తం అక్కణ్ణుంచే చూసుకోవచ్చు: ఎడమవైపు కోట, కింద పచ్చటి గుమ్మటం, నది, అవతల టీన్ చర్చి జంట గోపురాలు.

తర్వాత లొరెటా స్క్వేర్. ఒక పక్క లొరెటా చర్చి, గంట గంటకీ దాని గోపురంలో గంటలు పాట కడతాయి. ఎదురుగా వీధి పొడవునా సాగే భారీ భవనం చెర్నీన్ ప్యాలెస్, విదేశాంగ శాఖ కార్యాలయం. 1948 మార్చి 10 పొద్దున విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ దీని కిటికీ కింద చచ్చిపడి ఉన్నాడు. కమ్యూనిస్టులు అధికారానికి వచ్చి రెండు వారాలే అయింది. తనే దూకాడా, తోశారా అన్న వాదన ఇంకా తెగలేదు. ప్రాగ్ చరిత్రలో కిటికీలకు ఇలాంటి పేరుంది.

ఇక్కణ్ణుంచి గుంపంతా నేరుగా కోటకి పోతుంది. మీరు ఎడమకు తిరిగి చెర్నీన్స్కా సందులో దిగి నోవీ స్వ్యెట్‌లోకి వెళ్ళండి. "కొత్త లోకం" అని పేరు. కోట పనివాళ్ళు బతికిన చిన్న చిన్న ఇళ్ళు, వంకర గోడలు, కిటికీల్లో పూలకుండీలు. ఆ పొద్దున అక్కడ మా అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. టైకో కొన్నాళ్ళు ఉన్నది ఈ వీధిలోనే. మొత్తం రోజులో నాకు అన్నిటికన్నా నచ్చిన పది నిమిషాలివి. చివర్న కనొవ్నిట్స్కా వీధిలోకి ఎక్కితే కోట ముందరి మైదానంలో తేల్తారు.

కోట లోపల

గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేయొచ్చు. ఆవరణల్లో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. కేథడ్రల్, పాత రాజభవనం లోపలికి వెళ్ళాలంటే టికెట్ కావాలి. తొమ్మిదింటికి టికెట్ చేతిలో ఉండేలా చూసుకుంటే క్యూ బాధ తక్కువ.

సెయింట్ వైటస్ కేథడ్రల్ పని 1344లో మొదలైంది. 1929లో పూర్తయింది. మన ఊళ్ళో ఫ్లైఓవర్ ఆలస్యమైందని విసుక్కునేవాళ్ళకు చూపించాలి. పడమటి ముఖద్వారం దగ్గర రాతిబొమ్మల్లో జాగ్రత్తగా వెతకండి, కోటూ టై వేసుకున్న మనుషులు కనిపిస్తారు. చివరి దశలో కట్టినవాళ్ళ బొమ్మలవి.

లోపలికెళ్ళాక ఎడమవైపు మూడో కిటికీ చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుల గాజు. జనమంతా పైకే చూస్తారు. మీరు అడుగున చూడండి, బాంకా స్లావియే అని రాసి ఉంటుంది. ఖర్చు పెట్టుకున్న బీమా బ్యాంకు పేరది. మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద, ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించుకోవడం చూసి నవ్వుకుంటాం గానీ, ఈ అలవాటు అంతటా ఉన్నదే.

పాత రాజభవనంలో వ్లాదిస్లావ్ హాలు పక్క గది అసలు సంగతి. 1618 మే 23న ప్రొటెస్టంట్ జమీందార్లు ఇక్కడికొచ్చి, క్యాథలిక్ చక్రవర్తి తరఫున పాలిస్తున్న ఇద్దరు గవర్నర్లనూ, వాళ్ళ కార్యదర్శినీ కిటికీలోంచి బయటికి విసిరేశారు. దాదాపు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు. దేవదూతలు పట్టుకున్నారని క్యాథలిక్కులు చెప్పుకున్నారు. పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టంట్లు చెప్పుకున్నారు. కార్యదర్శికి తర్వాత చక్రవర్తి ఇచ్చిన బిరుదుకు అర్థం "ఎత్తునుంచి పడినవాడు" అని. నవ్వొచ్చే కథే గానీ ముప్ఫై ఏళ్ళ యుద్ధం దీంతోనే అంటుకుంది. కిటికీలోంచి వంగి కిందికి చూడండి, ఎత్తు అర్థమవుతుంది.

గోల్డెన్ లేన్‌లో 22 నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17ల్లో కూర్చుని రాసుకునేవాడు. సందు ఇరుకు, జనం ఎక్కువ. టికెట్‌లో కలిసే ఉంటుంది కాబట్టి ఒక చుట్టు వేసి వచ్చేయండి. పన్నెండింటికి ముందరి గేటు దగ్గర కాపలా మార్పు బ్యాండుతో జరుగుతుంది. అప్పటికి అటు తిరిగొస్తే చూడొచ్చు, దానికోసం ప్రత్యేకంగా కాచుకు కూర్చోనక్కర్లేదు.

నెరుదొవా: ఇళ్ళకే పేర్లున్న వీధి

గేటు బయట కె హ్రాదు దారిలో దిగితే నెరుదొవా. మా అమ్మ కూలబడిన వీధి. దిగుతుంటే మాత్రం హాయిగా ఉంటుంది.

ఇక్కడ తలెత్తి నడవాలి. ఒక ఇంటి గుమ్మం పైన మూడు వయొలిన్లు, ఇంకో ఇంటి మీద ఎర్ర గొర్రెపిల్ల, ఇంకోచోట బంగారు లాడం. 47 నంబరు ఇంటి మీద ఇద్దరు సూర్యులు. వీధికి పేరొచ్చిన రచయిత యాన్ నెరుదా ఉన్న ఇల్లు అది. 1770లో మరియా తెరెసా రాణి సైన్యంలోకి మనుషుల్ని లెక్కపెట్టడానికి ఇళ్ళకు నంబర్లు వేయించే దాకా ఈ బొమ్మలే అడ్రసులు. మూడు వయొలిన్ల ఇంట్లో నిజంగానే వయొలిన్లు చేసే కుటుంబం ఉండేది. మనకైతే ఇంటిపేరు మనిషితో పాటు ఊళ్ళు తిరుగుతుంది. ఇక్కడ పేరు ఇంటికే అంటుకుని ఉండిపోయింది, మనుషులు మారారు.

ప్రతి ఇంటికీ రెండు నంబరు పలకలుంటాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఎర్రది ఆ పేట మొత్తంలో ఇంటి రిజిస్టరు నంబరు, నీలంది వీధిలో వరస నంబరు. నేను ఎర్ర నంబరు చూస్తూ ఒక హోటల్ కోసం ఇరవై నిమిషాలు తిరిగాను. అడ్రసు పట్టుకునేటప్పుడు నీలం పలకే చూడండి.

భోజనం, ఇంకో ముఖ్యమైన అవసరం

పన్నెండున్నర, ఒంటిగంటకి మాలా స్ట్రానాలో ఉంటారు. మెయిన్ వీధి వదిలి పక్క సందులోకి వెళ్ళి, బయట పలక మీద "పొలెద్నీ మెను" అని రాసుందేమో చూడండి. పనిరోజుల్లో మధ్యాహ్నం రెండు లోపు ఇచ్చే చవక భోజనం అది. శాకాహారులైతే "బెజ్ మసా" అనండి, మాంసం లేకుండా అని. ఎక్కువగా దొరికేది స్మజెనీ సీర్: రొట్టె పొడి అద్ది వేయించిన చీజ్ ముక్క, పక్కన ఫ్రైస్. బ్రాంబొరాక్ అంటే వెల్లుల్లి వేసిన బంగాళాదుంప అట్టు, మన నాలుకకు బాగా పడుతుంది. వెల్లుల్లి సూప్ చెస్నెచ్కా ఘుమఘుమలాడుతుంది గానీ హామ్ ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోండి. మంచినీళ్ళకి కూడా బిల్లు పడొచ్చు, అందుకే సీసా వెంట ఉంచుకోండి.

వీధుల్లో చక్కెర అద్దిన గొట్టంలాంటి ట్రెడెల్నీక్‌ని "పాతకాలపు చెక్ మిఠాయి" అని అమ్ముతారు. ప్రాగ్‌లో అది విరివిగా కనబడటం మొదలై ఎంతో కాలం కాలేదు. తినాలనుంటే తినండి, చరిత్ర అనుకోకండి. ఓల్డ్ టౌన్ స్క్వేర్ బండ్ల మీద వేలాడే హామ్‌కి రాసిన ధర 100 గ్రాములదని గుర్తుంచుకోండి. పెద్ద ముక్క కోసి చేతిలో పెట్టాక బేరం ఉండదు.

పబ్లిక్ టాయిలెట్లకు చాలాచోట్ల చిల్లర కావాలి. తలుపు మీద "డామి" అంటే ఆడవాళ్ళకి. "పాని" అని ఉంటే నీళ్ళనుకోకండి, అది మగవాళ్ళది. భోజనం చేసిన చోటే ఈ పనీ చూసుకోవడం తెలివి.

తోట, వంతెన, యూదుల పేట

మళ్ళీ చార్లెస్ వంతెన ఎక్కొద్దు. ఈపాటికి కిక్కిరిసి ఉంటుంది. ట్రామ్ పట్టాల వెంట లెటెన్స్కా వీధిలో నడిస్తే ఎడమచేతి పక్క ఎత్తైన గోడలో చిన్న గుమ్మం వస్తుంది. అదే వాలెన్‌స్టైన్ తోట, ప్రవేశం ఉచితం, చలికాలంలో మూసేస్తారు. యుద్ధంలో డబ్బు గడించిన సేనాపతి వాలెన్‌స్టైన్, ఇరవై ముప్ఫై ఇళ్ళు కొని కూలగొట్టించి 1620లలో ఈ భవనమూ తోటా కట్టుకున్నాడు. ఇప్పుడు చెక్ సెనేట్ ఇక్కడే. నెమళ్ళు తిరుగుతుంటాయి. దారి పక్కన కంచు విగ్రహాలు నకళ్ళు, అసలువి 1648లో స్వీడన్‌వాళ్ళు పట్టుకుపోయారు. అరగంట కాళ్ళు చాపుకోండి.

తోట అవతలి గుమ్మం మాలోస్ట్రాన్స్కా మెట్రో దగ్గర తేల్తుంది. రోడ్డు దాటితే మానెస్ వంతెన. చార్లెస్ వంతెనను ఫోటో తీయాలంటే ఇక్కణ్ణుంచే. అవతల దిగితే యోసెఫొవ్.

యూదులపై ఆంక్షలు కొన్ని సడలించిన చక్రవర్తి రెండో యోసెఫ్ పేరే పేటకు మిగిలింది. 1893 చట్టంతో ఇక్కడి ఇరుకు సందులన్నీ పడగొట్టి వెడల్పు రోడ్లు వేశారు. ఖరీదైన బ్రాండ్ల షాపులున్న పరీజ్స్కా వీధి అలా వచ్చిందే. మిగిలినవి కొన్ని సినగాగులు, టౌన్ హాలు, శ్మశానం. ముందు పిన్కస్ సినగాగుకి వెళ్ళండి. గోడల నిండా పేర్లే. నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 80,000 మంది చెక్ యూదుల పేర్లు, ఊరు, పుట్టిన తేదీ, ఆఖరిసారి కబురు తెలిసిన తేదీ. ఇంటిపేరు ఎర్రగా, మిగతాది నల్లగా. ఒకే ఇంటిపేరు కింద నాలుగైదు పేర్లు, చివరి తేదీ ఒకటే ఉండటం చాలాచోట్ల చూస్తారు. పైఅంతస్తులో, నాజీలు యూదుల్ని బంధించిన టెరెజీన్ క్యాంపులో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. ఇక్కడ ఫోన్ జేబులో పెట్టేయండి.

పక్కనే పాత శ్మశానం. వేరే చోట స్థలం ఇవ్వలేదు కాబట్టి పాత సమాధుల మీదే మట్టి పోసి కొత్తవి కట్టారు. కొన్నిచోట్ల 12 వరసలు. దాదాపు 12,000 రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. అన్నిటికన్నా పాతది 1439 నాటిది. 1609లో పోయిన యూదు మతగురువు రబ్బీ లోవ్ సమాధి దగ్గర చీటీలు, చిన్న రాళ్ళు కనిపిస్తాయి. మట్టిబొమ్మకు ప్రాణం పోసి గోలెమ్‌ను చేశాడని కథలున్నది ఈయన మీదే.

బయటికొచ్చాక 1270 ప్రాంతం నాటి ఓల్డ్ న్యూ సినగాగు చూడండి. లోపలికి మెట్లు దిగి వెళ్ళాలి, వీధి మట్టం శతాబ్దాలుగా పెరిగింది మరి. దానికి టికెట్ వేరు, మగవాళ్ళు తలమీద టోపీ పెట్టుకోవాలి. పక్కన యూదుల టౌన్ హాలుకి రెండు గడియారాలు. కిందిదాంట్లో హీబ్రూ అక్షరాలు, ముళ్ళు వెనక్కి తిరుగుతాయి. కుడినుంచి ఎడమకు చదివే భాష కదా.

ఓల్డ్ టౌన్ స్క్వేర్: గోడ మీది పంచాంగం

ఏ గంటకైనా ఓ ఇరవై నిమిషాల ముందు టౌన్ హాలు గడియారం దగ్గరికి చేరండి. గంట కొట్టాక కాదు, కొట్టకముందే చూడాల్సింది ఎక్కువ. బొమ్మల ఆట నిమిషం కూడా ఉండదు. జనం "ఇంతేనా" అని వెళ్ళిపోతారు. గడియారం ముఖం చదవడం వస్తే మాత్రం కదలబుద్ధి కాదు.

1410లో కడాన్ మికులాష్ చేసిన యంత్రం ఇది. రోమన్ అంకెలు మామూలు గంటలు. అంచున నల్లటి చక్రం మీద బంగారు అంకెలు 1 నుంచి 24: పాత చెక్ గంటలు. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్ళకు సూర్యాస్తమయంతో. అందుకే ఆ చక్రం కాలాన్నిబట్టి జరుగుతూ ఉంటుంది. పలకలో నీలం భాగం పగలు, నలుపు రాత్రి, మధ్య ఎర్రటి భాగం సంధ్య. లోపల విడిగా తిరిగే చిన్న వలయం రాశిచక్రం. దాని మీద సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూడొచ్చు. సగం తెలుపు, సగం నలుపున్న చిన్న గోళం చంద్రుడు, తిథిని బట్టి తిరుగుతుంది.

మనవాళ్ళకు ఒక మెలిక: మీ పంచాంగంతో ఇది కలవదు. వీళ్ళది సాయన పద్ధతి, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి రాశుల్ని లెక్కపెట్టేది. మనది నిరయన, అంటే నక్షత్రాల స్థానాన్ని బట్టి లెక్కపెట్టేది. సంక్రాంతి రోజు మన లెక్కలో సూర్యుడు మకరంలో అడుగు పెడతాడు. ఈ గడియారంలో అప్పటికే మకరంలో మూడు వారాలు దాటేస్తాడు.

గంట అవగానే కుడిపక్క అస్థిపంజరం తాడు లాగుతుంది, పైకిటికీల్లో పన్నెండుమంది అపొస్తలులు ఒక్కొక్కరే కనిపించి పోతారు, చివర్న కోడి కూస్తుంది. ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా. అందరూ తలెత్తి చూసే ఆ నిమిషమే జేబుదొంగలకు ముహూర్తం. బ్యాగు ముందుకు వేసుకోండి. ఇలాంటిది ఇంకోటి చేయకూడదని కళాకారుడి కళ్ళు పొడిపించారనే కథ గైడ్లు చెబుతారు. తాజ్‌మహల్ కూలీల చేతుల కథ లాంటిదే, నమ్మక్కర్లేదు.

టౌన్ హాలు పక్కకి తిరిగి నేల చూడండి. తెల్లరాళ్ళతో 27 శిలువలు. తెల్లకొండ ఓటమి తర్వాత, 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందిని ఇక్కడ చంపించారు. అందులో 12 తలల్ని పొద్దున మనం దాటిన ఆ వంతెన టవర్‌కి వేలాడదీశారు. పదేళ్ళు అలాగే ఉన్నాయి. కోటలో కిటికీ, ట్రామ్ బోర్డు మీద బీలా హోరా, ఈ శిలువలు, బోసిపోయిన టవర్ గోడ, అన్నీ ఒకే కథలో ముక్కలు.

చివరి మజిలీ: టీన్ చర్చి

జంట గోపురాల చర్చి ఎదురుగానే ఉన్నా దారి చటుక్కున కనబడదు. ముందున్న ఇళ్ళ కింద ఆర్చిలోంచి లోపలికి వెళ్ళాలి. మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి మూడు తర్వాత రండి. ఫోటోలు తీయనివ్వరు.

లోపల కుడివైపు ముందు భాగంలో ఒక స్తంభానికి ఆనించి నిలువెత్తు ఎర్రరాతి పలక, కవచం తొడుక్కున్న మీసాల మనిషి, చేయి గోళం మీద. టైకో బ్రాహే. 1601 అక్టోబర్‌లో ఒక విందులో, మధ్యలో లేస్తే మర్యాద కాదని మూత్రం ఆపుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక ఇక రాలేదు. పదకొండు రోజులకు పోయాడు. విషం పెట్టారన్న అనుమానం నాలుగు వందల ఏళ్ళు నడిచింది. 2010లో సమాధి తెరిచి పరీక్షించి, పాదరసం చంపలేదని తేల్చారు. ముక్కు కూడా వెండిదో బంగారందో అనుకున్నది ఇత్తడిదని అప్పుడే తెలిసింది.

బయట చెక్ మత సంస్కర్త యాన్ హుస్ విగ్రహం చుట్టూ బెంచీలున్నాయి. అమ్మ అక్కడ కూర్చుని హైదరాబాద్‌లో కొన్న బాటా చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. టైకో కథ చెప్తే విని, "అయ్యో, అంత మొహమాటమా" అంది. తర్వాత చెప్పులు తొడుక్కుని లేచి, ఆ పాని, డామి తలుపులు ఎటువైపో చూపించమంది.